జుకినీ మీద పెరిగిన మాట

మా ఊరు హెరన్ కోవ్‌లో ఎవరూ బండికి తాళం వెయ్యరు. తాళంచెవి దానికే వేలాడుతూ ఉంటుంది. ఆపిల్ వాసనకి కొండ దిగి వచ్చిన ఎలుగుబంటి తలుపు తీసినా, సీటు చింపి పోతుందే గాని బండి నడుపుకుని పోదు కదా అని మా ధీమా. ఒక్క ఆగస్టులో మాత్రం చంటిపిల్లల మూడు చక్రాల సైకిలుకి కూడా తాళం పడుతుంది. దొంగల భయం కాదు. జుకినీల భయం.

సరస్సు ఒడ్డున మాది నల్లమట్టి. జుకినీ అంటే దోసకాయలా ఉండే గుమ్మడి జాతి కాయ, దాని మొక్క ఒక్కటి పెడితే ఇంటికి సరిపోతుంది. రెండు పెడితే వీధికి సరిపోతుంది. మూడు పెట్టినవాడికి స్నేహితులు మిగలరు. వేలంత పిందెను రెండు రోజులు చూడకపోతే మోచేయంత అవుతుంది, ఇంకా వదిలేస్తే ఒళ్లో పడుకోబెట్టి జోకొట్టేంత అవుతుంది. కూర, రొట్టె, ఊరగాయ, కేకు అన్నీ చేసి, మేకలు కూడా మొహం తిప్పుకున్నాక, మిగిలినవాటిని తాళం వెయ్యని బండి ఏది దొరికితే అందులో పడేసి పోవడం ఇక్కడి పద్ధతి. వచ్చినవాళ్లు ఎవరు పెట్టారని అడగకూడదు. వాటివైపు చూడనైనా చూడకుండా ఇంకొకరి బండిలోకి చేరవెయ్యాలి. మర్యాద తెలిసినవాళ్లు చేసే పని అది.

ఈ ఊళ్లోనే పుట్టి పెరిగి, అరవై దాటాక ఆ సంగతి మరచిపోయిన మనిషి ఒక్కడే. ఎల్డన్ లిండ్‌క్విస్ట్. ఇది అతని కథ.

ఎల్డన్ తండ్రి స్వీడన్ నుంచి ఈ లోయలోకి దేవదారు చెట్లు కొట్టడానికి వచ్చాడు. ఆయనా మాటల మనిషి కాదు. వాళ్లింట్లో భోజనాల దగ్గర ఉప్పు కావాలంటే ఉప్పువైపు చూసేవాళ్లట. ఎల్డన్ చదువు కాగానే మంచు తోసే బండి ఎక్కాడు, పింఛను వచ్చేదాకా దిగలేదు. మేం నిద్ర లేచేసరికి రోడ్డు నల్లగా కనబడేది. అంటే అతను వచ్చి వెళ్లాడన్నమాట. ఏ ఇంట్లో నెలలు నిండిన పిల్ల ఉందో, ఎవరింట్లో ముసలాయనకి దగ్గు పట్టుకుందో ఎవరూ చెప్పకుండానే తెలుసుకుని ఆ వాకిలి ముందు తోసేవాడు. ఒక మంచిమాట చెబుదామని తలుపు తీస్తే బండి వేగం పెంచేవాడు.

అతని భాషంతా స్టీరింగ్ మీద ఉన్న వేళ్లలో ఉంది. ఎదురొచ్చిన ప్రతి బండికీ చూపుడువేలు ఒక్కటి లేపుతాడు. నేను ఏటా రేగుపండ్ల జాము ఇస్తాను గనక నాకు రెండు వేళ్లు. కొత్త గవర్నరు వచ్చినా ఎల్డన్ దగ్గర మూడో వేలు లేవదనే నేను అనుకునేదాన్ని, రొవీనా బండ్లను సరస్సు దాటించే మా ఫెర్రీ పడవ మీద పనికి చేరేదాకా. ఆమె కనబడితే మొత్తం చెయ్యి లేస్తుంది. రెండో చెయ్యి కూడా లేవబోయి, బండి నడుపుతున్నానని గుర్తొచ్చి ఆగిపోతుంది.

ఇవన్నీ నాకెలా తెలుసంటే, నా వంటింటి కిటికీ సరిగ్గా రేవుకి ఎదురుగా ఉంది. నా పేరు అసుంత. మా నాన్న ఇటలీ నుంచి గనిపనికి వచ్చాడు. నేను ఇక్కడి బడిలోనే అయిదో తరగతి దాకా చదివాను, ఆ బడిలోనే ఇప్పుడు మంటలార్పే బండి పెడుతున్నారు. ఊళ్లో చాలామంది నన్ను నోనా అంటారు, మా ఇళ్లల్లో అమ్మమ్మని పిలిచే పిలుపు. ఎవరు ఫెర్రీ ఎక్కారో, ఎవరు దిగారో, చేతిసంచిలో ఏముందో కిటికీలోంచి కనబడుతుంది. కనబడకపోతే వెళ్లి అడుగుతాను.

రొవీనా సముద్రం ఒడ్డు పట్నంలో భర్త పోయాక ఇటు వచ్చింది. నారింజరంగు జాకెట్టు వేసుకుని, రెండు చేతులూ తనవైపు ఊపుతూ, "రా… రా… ఇంకా రావయ్యా, నిన్నేం తిననులే… రా," అని బండ్లను ఫెర్రీ మీదకి పిలుస్తుంది. చాలనుకున్నప్పుడు అరచెయ్యి నిలబెడుతుంది. ఆమె నవ్వితే అవతలి ఒడ్డున కొంగలు లేస్తాయి. అలాంటి మనిషి, పోయిన వేసవిలో మా ఇంటి మెట్ల మీద కూర్చుని చెప్పింది:

"నోనా, మా అక్క రమ్మంటోంది. పట్నంలో ఫ్లాటు, లిఫ్టు ఉందట. మంచు తవ్వే పని లేదు. సెప్టెంబరు మొదటి శనివారం నా ఆఖరి డ్యూటీ. అటునుంచి అటే వెళ్లిపోతాను."

"ఇక్కడేం తక్కువైందే నీకు?"

"తక్కువేం లేదు. పట్టి ఉంచేదీ ఏం లేదు."

అప్పుడే ఎల్డన్ పికప్ బండి రేవులోకి దిగింది. అయిదు వేళ్లూ లేచాయి. ఆమె కూడా చెయ్యి ఊపింది. నేను నోరు కట్టేసుకున్నాను. ఆ పని నాకు ఎంత కష్టమో మా ఊరివాళ్లనడగండి.

ఆ కబురు ఎల్డన్ చెవిన కూడా పడింది. నోరు తెరిచి, ఇక్కడే ఉండిపొమ్మని ఆమెను అడగాలి. నోరేమో ఇంతవరకూ అలవాటు లేని వస్తువు. ఆలోచించి ఆలోచించి తోటలోకి వెళ్లాడు. వేలంత జుకినీ పిందె ఒకటి ఎంచుకుని, మేకుమొనతో దాని పచ్చితోలు మీద సన్నగా గీశాడు. పిందె పెరిగేకొద్దీ ఆ గీతలు కూడా పెరుగుతాయి. గాయం మానినట్టు తెల్లగా ఉబ్బి, కాయ మోచేయి దాటేసరికి అక్షరాలు బొటనవేలంత అయ్యాయి: "వెళ్లకు. నన్ను పెళ్లి చేసుకో."

అంతే. ఎవరికని లేదు, ఎవరు రాశారని లేదు.

కాడకి నారింజరంగు ప్లాస్టిక్ పట్టీ కట్టి, మామూలు కాయలు రెండింటి మధ్య పెట్టి, ఫెర్రీ రేవులో తాళం మరచి నిలిపిన రొవీనా బండి సీటు మీద ఉంచి, ఇంటికి పోయి అరుగుమీద కూర్చున్నాడు.

రొవీనా మర్యాద తెలిసిన మనిషి. డ్యూటీ మధ్యలో బండి దగ్గరికి వచ్చింది. "ఎవడో కానీ వాడి తోట ఎండిపోను," అంది. చూడకుండానే మూడింటినీ చంకలో ఇరికించుకుంది. అప్పుడే ఫెర్రీ ఎక్కిన ఒక కారు వెనకసీట్లో దించేసింది.

ఆ కారు మా ఊరి కొట్టు నడిపే గ్లెండాది.

ఇక్కడ గ్లెండా గురించి ఒక ముక్క చెప్పాలి. ఆమె మొగుడు బార్ట్ ఆమెను ఎప్పుడూ "నన్ను చేసుకుంటావా" అని అడగలేదు. వాళ్లు ప్రేమలో ఉన్నప్పుడు గ్లెండా తల్లి క్యాలెండరు తిరగేసి, "జూన్‌లో హాలు ఖాళీగా ఉంది," అందట. పెళ్లయిపోయింది. అప్పటినుంచీ ఆమెకు అదొక్కటే లోటు. క్రిస్మస్‌కి ఒకసారి, పెళ్లిరోజుకి ఒకసారి దాన్ని బయటికి తీస్తూ ఉంటుంది.

మరునాడు నేను పంచదార కోసం కొట్టుకి వెళ్లేసరికి బార్ట్ ముందు వేడి వేడి హకిల్‌బెర్రీ 'పై' ఉంది, అడవిపండ్లు కూరి కాల్చిన పిండివంట, మీద మీగడ. గ్లెండా జుట్టుకి రంగు వేసుకుంది.

"ఏమిటే విశేషం?" అన్నాను.

"విశేషమేముంది నోనా. నా మొగుడికి నేను పెట్టుకోకూడదా?" అంటూ అతని భుజం నిమిరింది.

ఆమె లోపలికి వెళ్లగానే బార్ట్ కౌంటరు మీదికి వంగి, "నోనా, నాకు చావు రోగం ఏదైనా ఉందా? డాక్టరు దీంతో చెప్పి నాతో చెప్పలేదా?" అన్నాడు.

"పల్స్ చూపించు… బాగానే కొట్టుకుంటోంది. తినవయ్యా."

తిన్నాడు. రెండు రోజులు రాజాలా తిన్నాడు. మూడోరోజు నేను కొట్టు మెట్లెక్కుతుండగానే లోపల మాటలు వినబడ్డాయి. ఇలాంటప్పుడు నేను మెట్లు నిదానంగా ఎక్కుతాను, మోకాళ్ల నొప్పి.

"అంత ప్రేమగా రాసినవాడివి, ఒక్కసారి నోటితో అనొచ్చు కదా బార్టూ," గ్లెండా గొంతు తేనెలా ఉంది.

"ఏం రాశాను?"

"అబ్బ, సిగ్గా? జుకినీ మీద."

"జుకినీ మీద ఎవడైనా రాస్తాడా? మతిపోయిందా నీకు?"

తర్వాత ఒక పళ్లెం పగిలింది. ఇంకోటి కూడా పగిలింది. గ్లెండా నన్ను దాటుకుని సంచీతో బయటికి వచ్చింది. ఎదురుగా నిలిపి ఉన్న కారు తలుపు తీసి, సంచీలోంచి ఏదో విసిరినట్టు పడేసి, తలుపు ధడేల్మని వేసింది. నేనప్పుడు అదేమిటో చూడలేదు. జుకినీ అనుకున్నాను, జుకినీ వైపు ఎవరు చూస్తారు?

ఆ కారు పాస్టర్ హ్యూబర్ట్‌ది. రిటైరైన మనిషి, భార్య పోయి చాలాకాలమైంది. మనుషుల మీద నమ్మకంకొద్దీ ఆగస్టులో కూడా తాళం వెయ్యరు. ఆ రోజే ఆయన సీటు మీద నేను రేగుపండ్ల జాము సీసా ఒకటి పెట్టాను, చలికాలం అంతా నాకు కట్టెలు కొట్టి పెట్టినందుకు.

శుక్రవారం మధ్యాహ్నం నేను పీచ్ ముక్కలు సీసాలకి ఎత్తుతుంటే తలుపు చప్పుడైంది. తీస్తే పాస్టరు. టై కట్టుకున్నారు. జుట్టు తడిపి దువ్వుకున్నారు. చేతుల్లో తువ్వాలు చుట్టిన ఏదో పొడుగాటి మూట, పసిబిడ్డను పట్టుకున్నట్టు.

"రండి పాస్టరు గారూ. ఎవరైనా పోయారా?"

"లేదు అసుంతా గారూ. కూర్చోనా? వద్దులెండి, నిలబడే చెబుతాను." టై సర్దుకున్నారు. "మీరంటే నాకు ఎంతో గౌరవం. మీ జాము అంటే కూడా. కానీ ఈ వయసులో… నేను… మనం ఇరుగుపొరుగుగానే ఉండిపోదాం."

"ఇప్పుడు మనం ఏమైపోతున్నాం?"

ఆయన తువ్వాలు విప్పి జుకినీ నా బల్ల మీద పెట్టారు. చదివాను. ఇంకోసారి చదివాను. తర్వాత గోడ పట్టుకుని నవ్వడం మొదలుపెట్టాను. కుర్చీలో పడ్డాక కూడా ఆగలేదు. పాస్టరుగారికి చెవులు ఎర్రబడ్డాయి.

"నేనా? మిమ్మల్నా? అయ్యో నా తండ్రీ, నాకు పెళ్లే కావాలంటే మెలకువగా ఉండగలిగిన వాణ్ణి చూసుకుంటాను గానీ, ప్రార్థన మధ్యలో నిద్రపోయే మిమ్మల్నా?"

"అంటే ఇది మీరు కాదా?" ఆయన మొహంలో హాయి కనిపించింది. దాని వెనకే చిన్న నిరాశ కూడా కనిపించింది, నేను చూడనట్టు ఊరుకున్నాను.

"నేను జుకినీ పెంచి పదేళ్లయింది. ఊళ్లోవాళ్లే పెంచి పెడుతుంటే నాకెందుకు?"

అప్పుడు నా కన్ను కాడ మీద పడింది. నారింజరంగు పట్టీ. మంచు కింద తూము ఎక్కడుందో తెలియడానికి రోడ్డువాళ్లు కర్రలకి కట్టే పట్టీ. ఊళ్లో దాని చుట్టలు చుట్టలు ఉన్నది ఒక్కరి దగ్గరే. అతని గేటుకి అదే, టోపీకి అదే, చొక్కా గుండీ ఊడినా అదే.

చేతులు తుడుచుకోకుండానే కొట్టుకి పరుగెత్తాను. పాస్టరుగారు టైతో సహా నా వెనకే వచ్చారు.

"గ్లెండా, నీకిది ఎక్కడిది?"

ఆమె జుకినీని చూసి మొహం మాడ్చుకుంది. "ఫెర్రీ దిగేసరికి నా వెనకసీట్లో ఉంది. తీసుకుపో దాన్ని!"

"ఫెర్రీ మీద నీ కారు దగ్గరికి వచ్చిందెవరు?"

"రొవీనా ఒక్కతే. బండ్లు సర్దుతూ… ఓ!" గ్లెండా రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. "ఎల్డన్? మన ఎల్డనా? అయ్యో, అది చూడకుండానే పడేసిందా! నోనా, రేపు శనివారం!"

"ఎవరికీ చెప్పకు," అన్నాను.

"ఛ ఛ," అంది, అప్పటికే ఫోను ఎత్తుతూ.

ఎల్డన్ తోటలో జుకినీ మొక్కలు వేళ్లతో సహా పీకుతున్నాడు. ఒక్కటి కూడా మిగిల్చేలా లేడు. నన్ను చూసి రెండు వేళ్లు లేపాడు, అవి కూడా సగమే.

"ఏం పని ఇది?"

"అయిపోయింది."

"ఏమయిపోయింది?"

"ఆమె చూసింది. ఏం అనలేదు." అతని నోట అన్ని మాటలు ఒక్కసారి రావడం నేనెప్పుడూ వినలేదు. "రోజూ మామూలుగానే చెయ్యి ఊపుతోంది. మామూలుగానే."

"చూడలేదురా, మొద్దబ్బాయీ!" అని సంచీలోంచి జుకినీ తీసి అతని ఒళ్లో పెట్టాను. "ఆగస్టులో జుకినీవైపు ఎవరు చూస్తారు? ఇది గ్లెండాకి పెళ్లి ఆశ పెట్టింది, బార్ట్‌కి పైలు పెట్టించి పళ్లేలు పగలగొట్టించింది, ఇవాళ పాస్టరుగారు టై కట్టుకొచ్చి నన్ను వద్దన్నారు. ఇది చూడాల్సిన మనిషి తప్ప అందరూ చూశారు. ఆమె పేరు రాసి చావొచ్చు కదా!"

"ఆమె బండిలో పెడుతున్నాను కదా," అన్నాడు ఎల్డన్. "పేరెందుకు?"

నేను కాయకి అంటిన మట్టి తుడిచాను.

"రేపు ఆమె ఆఖరి ట్రిప్పు. వచ్చి చేతికియ్యి."

"నువ్వియ్యి నోనా."

"నేనిస్తే నేను చేసుకోవాల్సొస్తుంది. ఇవాళ్టికి ఒక పాస్టరు చాలు."

శనివారం ఫెర్రీ రేవులో నిలబడ్డ బండ్ల వరుస మా ఇల్లు దాటి, కొట్టు దాటి, మలుపు తిరిగింది. "నాకోసం ఇంతమంది అవతలిదాకా సాగనంపడానికా?" అని రొవీనా కళ్లు తుడుచుకుంటూ, నవ్వుతూ, "రా… రా…" అని అందరినీ పిలిచింది. ఆమె కారు అన్నిటికంటే ముందు ఉంది, పైకప్పు దాకా అట్టపెట్టెలు. దాని వెనక ఎల్డన్ పికప్. నేను అతని పక్కసీట్లో కూర్చున్నాను, దిగి పారిపోకుండా.

ఫెర్రీ కదిలింది. నీళ్లు నడిమికి వచ్చాం. నేను మోచేత్తో పొడిచాను. అతను దిగాడు. జుకినీని రెండు చేతులా పట్టుకుని ఆమె ముందుకు వెళ్లాడు. చుట్టూ కార్ల అద్దాలన్నీ ఒక్కసారిగా దిగాయి.

రొవీనా అతని చేతుల్లోకి చూసి ఫక్కున నవ్వింది. "చివరి రోజున కూడానా ఎల్డన్! వద్దు బాబూ, మా అక్క ఫ్లాటులో దీనికి చోటు లేదు," అని జుకినీ అందుకుని, అతన్ని దాటి వచ్చి, పికప్ కిటికీలోంచి నా ఒళ్లో పెట్టేసింది. మళ్లీ చూడకుండానే!

ఫెర్రీ అంతా "అయ్యో!" అంది. బార్ట్ హారన్ మీద తల వాల్చేశాడు, అది మోగుతూనే ఉంది.

ఎల్డన్ అక్కడే నిలబడ్డాడు. మొహం ముందు తెల్లబడింది, తర్వాత ఎర్రబడింది. మంచు తోసే బండి గేరు మార్చినప్పుడు చేసే చప్పుడులాంటిది ఏదో గొంతులోంచి వచ్చింది. దాని వెనక మాట వచ్చింది.

"రొవీనా. వెళ్లకు."

ఆమె తిరిగి చూసింది.

"నన్ను పెళ్లి చేసుకో," అన్నాడు. ఆ తర్వాత ఎందుకైనా మంచిదని, "ఆ కాయ మీద కూడా రాసుంది. ఎప్పటినుంచో," అన్నాడు.

నేను జుకినీని తిప్పి కిటికీలోంచి ఎత్తి పట్టుకున్నాను. ఆమె చదివింది. బొటనవేలంత అక్షరాల మీద వేలుపెట్టి, ఒక్కొక్కటే తడిమింది.

"ఇది ఎప్పుడు రాశావు?"

"వేలంత ఉన్నప్పుడు."

ఇద్దరి మధ్యా ఒక బండి పట్టేంత దూరం ఉంది. రొవీనా రెండు చేతులూ పైకెత్తి, వేళ్లు తనవైపు ఊపింది, రోజూ బండ్లని పిలిచేటట్టు. రా. ఎల్డన్ ఒక అడుగు వేశాడు. రా, ఇంకా. ఇంకో అడుగు. ఇంకా. ఆగమని అరచెయ్యి ఎప్పుడు లేస్తుందా అని అతను చూస్తూనే వచ్చాడు. అతని చొక్కా ఆమె నారింజ జాకెట్టుకి తగిలింది. అరచెయ్యి లేవనే లేదు.

అప్పుడు మోగిన హారన్లు కొండకి తగిలి తిరిగొచ్చాయి. గ్లెండా ఏడుస్తూ బార్ట్‌ని కొడుతోంది. "చూశావా, అలా అడగాలి!" బార్ట్, "అడుగుతాలేవే, ముందు కొట్టడం ఆపు," అంటున్నాడు. పాస్టరుగారు నా కిటికీ దగ్గరికి వచ్చి పిప్పరమెంటు బిళ్ల ఒకటి ఇచ్చారు. తీసుకున్నాను.

కానీ ఆమె సరే అని నోటితో అనలేదు, అది నేను గమనించాను. ఇంతలో ఫెర్రీ అవతలి ఒడ్డు తాకింది. అడ్డుపలక దిగింది. ఆమె కారు అన్నిటికంటే ముందు. వెనక మేమందరం. దిగక తప్పదు. జుకినీ తీసుకెళ్లి తన పక్కసీట్లో పెట్టి, దానికి సీటు బెల్టు కూడా పెట్టింది. కారు ఎక్కింది. ఫెర్రీ దిగి, ఎత్తు ఎక్కి, పట్నం రోడ్డు దాకా వెళ్లింది. ఎల్డన్ ఊపిరి బిగబట్టాడు. నేను అతని చొక్కా పట్టుకున్నాను.

రోడ్డు మొదట్లో ఉన్న పెద్ద బండరాయి చుట్టూ ఆ కారు నిదానంగా ఒక ప్రదక్షిణం చేసింది. కిందికి దిగింది. తిరుగు ఫెర్రీ వరుసలో అందరికంటే ముందు వచ్చి నిలబడింది.

దాని వెనక ఎల్డన్ పికప్ నిలబడింది. మా వెనక గ్లెండా, ఆమె వెనక పాస్టరు, ఆ వెనక ఊరంతా. కెప్టెన్ పైగదిలోంచి మైకులో అడిగాడు: "మీలో ఒక్కరికి కూడా ఇవతల పని లేదా?"

"ఉన్న పని అయిపోయింది!" అని అరిచింది గ్లెండా.

ఫెర్రీ ఎక్కేవాళ్లని సర్దడానికి ఎవరూ లేరు, రొవీనా డ్యూటీ ఆఖరైపోయింది మరి. ఆమె నారింజ జాకెట్టు మళ్లీ తొడుక్కుని కారు దిగింది. నాలుగడుగులు వేసి, ఏదో గుర్తొచ్చినట్టు వెనక్కి వచ్చింది. సీటు బెల్టుతో కూర్చున్న జుకినీని అద్దంలోంచి ఒకసారి చూసుకుని, కారుకి తాళం వేసింది.

జుకినీ పోతుందేమోనన్న భయంతో మా ఊళ్లో ఒకరు తాళం వెయ్యడం నేను చూడ్డం అదే మొదటిసారి.